పగిలిన సీసకు ఇటుక బట్టిల పనుంది

ఊరవతల వాగు గడ్డ మీద, బెల్టుషాపు ఎనుక సీస పెంకులు కుప్పలుగ కనవడ్తయి. పగలని సీసనైతే పాత సామాన్లాయన కొంటడు, పగిలినదాన్ని ముట్టడు. అది చెల్కలల్ల వడి కాళ్లు కోస్తది. ఆ పెంకుల్నే పిండి జేసి ఇటుక మట్టిల కలపొచ్చని నేనంటే మావోళ్లు నవ్విన్రు. బట్టిల జరిగేది తెలిస్తే నవ్వరు.

మట్టికి జిగట ఉంటది గాబట్టి అచ్చుల నిలవడ్తది. ఒట్టి మట్టితోని కొడితే, అండ్ల రేగడైతే, ఆరేటప్పుడు గుంజుకపోయి నెర్రెలు వారుతది. అందుకే ఉసికె కలుపుతరు. ఇగ వీటిని ఒకదానికొకటి అతికించేదొకటి కావాలె. మామూలు ఇటుకల ఆ పని మట్టిల ఉన్న ఇనుము, పొటాషు అసొంటివి చేస్తయి, అదీ 900 నుంచి 1000 డిగ్రీల కాక తగిలినంక. సీస గాజు గట్ల గాదు. అది గూడ ఉసికె నుంచి పుట్టిందే, కానీ సోడా, సున్నం కలిపి ఒకపారి కరిగించిందాయె. 700 డిగ్రీలు దాటంగనే మెత్తవడి మట్టి సందులల్లకు పాకుతది, సల్లారినంక బంక లెక్క పట్టుకుంటది. సందులు తగ్గితే ఇటుక నీళ్లు తక్కువ తాగుతది. కొంచెం తక్కువ కాకకే గట్టివడ్తది గాబట్టి ఊక, బొగ్గు మిగులుతయి.

వీడియోలల్ల సీసల్ని సుత్తెతోని కొట్టి అట్లనే మట్టిల పోసుడు చూపిస్తుంటరు. నాకది అసలే నచ్చదు. మన దిక్కు బట్టిలల్ల ఇటుక కోసేది చానమంది ఒడిశా నుంచి వచ్చిన కూలోళ్లు, ఆడోళ్లు, పిల్లగాండ్లతో సహా, ఒట్టి చేతులతోని. ఆ చేతుల గతేంది? గాజు రవ్వ గూడ పనికిరాదు, గోధుమ పిండంత మెత్తగ ఉండాలె. తడిపి నూరితే దుమ్ము లేవదు, మూతికి మాస్కు తప్పదు. ఎక్కువ కలిపితే ఇటుక కాకకు ఒంగుతది, ఉబ్బుతది, పక్కదానికి అతుక్కుంటది. ట్యూబులైట్లు, పాత డబ్బా టీవీల గాజు మాత్రం వద్దే వద్దు. ఒకదాంట్ల పాదరసం, ఇంకోదాంట్ల సీసం ఉంటయి. ఈ సీసం అంటే లోహం, విషం.

గాజు కలిపితే చెరువు మట్టి మిగులుతదని కొందరంటరు. నేనొప్పుకోను. నూటికి 5, 10 పాళ్లు కలిపితే ఏ చెరువు మిగులుతది? లాభమంత కాకలనే, గట్టితనంలనే ఉంది. గాజు నూరే కరెంటు బిల్లు ఆ లాభాన్ని మింగుతదా లేదా అన్నదే అసలు లెక్క, అది ఊరూరికి మారుతది.

మీ ఊర్ల బట్టి ఉంటే ముందుగాల ఇటుకలతోనే అడగున్రి. 95 కిలోల పొడి మట్టికి 5 కిలోల గాజు పిండి కలిపి, గుర్తు పెట్టి, మామూలు ఇటుకల పక్కనే పేర్చున్రి. బట్టిల ఒక్కో మూల ఒక్కో కాక ఉంటది గాబట్టి పక్కపక్కనే ఉండాలె. కాలినంక రెండు రకాల నుంచి ఐదైదు తీసి, ఎండవెట్టి తూకమెయ్యాలె. 24 గంటలు నీళ్లల్ల ముంచి, తుడిచి మళ్ల తూకమెయ్యాలె. మామూలు రకం ఇటుక తన బరువుల నూటికి 20 పాళ్లు మించి నీళ్లు తాగొద్దని ఐఎస్ 1077 ప్రమాణం చెప్తది. అంటే 3 కిలోల ఇటుక 600 గ్రాములకు మించొద్దు. రెండింటి అంకెలు కాయితం మీద రాసి బట్టి ఓనరు ముందటవెట్టున్రి.