పందెపు బండికి ఏ చొక్కా తొడగాలి?

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. ఎంత తొక్కినా బండి ముందుకు సాగదు. అప్పుడు మీరేం చేస్తారు? ఎవరూ చెప్పకుండానే హ్యాండిలు మీదికి వంగుతారు. తల దించుతారు. మోచేతుల్ని డొక్కలకు దగ్గరగా తెచ్చుకుంటారు. వెంటనే బండి కాస్త తేలికైనట్టు అనిపిస్తుంది. గాలికి మన ఒళ్ళు ఎంత తక్కువ అడ్డు పడితే అంత మేలన్న సంగతి పుస్తకం చదవకుండానే మనకు తెలుసునన్నమాట!

పందేలలో పరుగెత్తే మోటారు సైకిలుకు ముందువైపూ, రెండు పక్కలా, ఇంజను కిందా ఒక తొడుగు ఉంటుంది. దాన్ని ఫెయిరింగు అంటారు. బజారులో అమ్మే స్పోర్ట్స్ బండ్లకు కూడా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది గదా, మరి ట్రాకు మీద బండి నడిపేవాళ్ళు దాన్ని విప్పి ఇంట్లో దాచిపెట్టి, వేరే తయారీదారు చేసిన తొడుగు కొని ఎందుకు బిగించుకుంటారు? అందాని కోసమా? మీ బాబాయి అలాంటి బండి ఒకటి కొని, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన పందెపు ట్రాకుకు తీసుకువెళ్ళదలచుకున్నాడనుకుందాం. తొడుగు ఎంచడంలో ఆయనకు మీరు సాయం చెయ్యాలి. రంగు సంగతి చివర చూద్దాం. ముందు గాలి సంగతి చూడండి.

గాలి వసూలు చేసే పన్ను

బండి వేగం రెట్టింపైతే గాలి వెనక్కి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అంతేకాదు, ఆ నాలుగింతల బలాన్ని ప్రతి సెకనుకూ రెట్టింపు దూరం నెట్టుకుపోవాలి. కాబట్టి ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యం ఎనిమిదింతలు. రౌతు బాగా వంగి కూర్చున్న ఒక పెద్ద స్పోర్ట్స్ బండికి లెక్కవేస్తే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చడానికి సుమారు 6 అశ్వశక్తి చాలు. 200 కిలోమీటర్ల వద్ద అది 46 అవుతుంది. 300 వద్ద 150 దాటిపోతుంది! 2023లో ఇటలీలోని ముజెల్లో ట్రాకులో బ్రాడ్ బైండర్ అనే రౌతు గంటకు 366.1 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంత వేగంలో ఇంజను శక్తిలో చాలా భాగం గాలికే పోతుంది.

ఈ పన్ను తగ్గించుకోవడానికి రెండు దారులున్నాయి. ఎదురుగా కనబడే వైశాల్యం తగ్గించడం ఒకటి. గాలి వెనకవైపు సుడులు తిరగకుండా మెల్లగా కలుసుకునేలా రూపం ఇవ్వడం రెండోది. రెండోదాన్ని ఇంట్లోనే చూడవచ్చు. గుండ్రని గాజుసీసా వెనుక, దాదాపు ఆనుకుని, వెలిగించిన కొవ్వొత్తి పెట్టండి (పెద్దవాళ్ళు దగ్గరుండాలి సుమా). సీసా ముందునుంచి గట్టిగా ఊదండి. సీసా అడ్డంగా ఉన్నా కొవ్వొత్తి ఆరిపోతుంది! గాలి గుండ్రని ఒంటిని అంటిపెట్టుకుని చుట్టి వచ్చింది. సీసా బదులు అంతే వెడల్పున్న పుస్తకాన్ని నిలబెట్టి ఊదితే దీపం అంత తేలిగ్గా ఆరదు. అంచుల దగ్గర గాలి విడిపోయి సుడులైపోతుంది.

ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మండెల్లో అనే ఊరుంది. అక్కడి మోటో గుజ్జి కర్మాగారంలో 1950లో ఒక గాలి సొరంగం కట్టారు. నిండు బండినీ, మీద కూర్చున్న రౌతునూ లోపల ఉంచి, పెద్ద పంకాతో గాలి తోలి కొలిచేవారు. ఆ పరిశోధనల వల్ల, ఇతరుల ప్రయత్నాల వల్ల 1950లలో ముందు చక్రాన్ని కూడా పూర్తిగా కప్పేసే తొడుగులు వచ్చాయి. చూడడానికి చెత్తడబ్బాలా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు దానికి ఆ పేరే పెట్టారు. పేరు ఎలా ఉన్నా పని మాత్రం బ్రహ్మాండంగా చేసింది. మోటో గుజ్జివారి ఎనిమిది సిలిండర్ల 500 సీసీ బండి అలాంటి తొడుగుతో గంటకు సుమారు 275 కిలోమీటర్లు అందుకుంది.

కాని పక్కగాలి వచ్చినప్పుడు ఈ తొడుగు రౌతుకు శత్రువైపోయేది. ఎందుకో తెలుసుకోవాలంటే విల్లుతో వేసే బాణాన్ని గుర్తు తెచ్చుకోండి. దాని ఈకలు వెనక ఉంటాయి. పక్కనుంచి గాలి తోసినా తోక పక్కకు జరిగి, ములుకు గాలివైపు తిరుగుతుంది. అవే ఈకలు ములుకు దగ్గర కడితే? బాణం తిన్నగా పోదు. చెత్తడబ్బా తొడుగు చేసింది అదే. పెద్ద పెద్ద పలకల్ని బండికి ముందువైపున, అందులోనూ దారి తిప్పే చక్రం దగ్గర చేర్చింది. 1957 సీజను ముగియగానే అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య ఆ తొడుగుల్ని నిషేధించింది. ఈనాటికీ పందెపు బండ్ల ముందు చక్రం బయటికి కనబడుతూ ఉండడానికి కారణం ఇదే.

కడుపు కింది తొట్టె

ఇక బాబాయి బండికి వద్దాం. రోడ్డు బండి తొడుగులో దీపాలు, సిగ్నళ్ళు, అద్దాలు అన్నీ ఇమడాలి. ట్రాకులో ఇవేవీ అక్కరలేదు. పైగా బండి పడితే గాజు ముక్కలు దారంతా చిమ్ముతాయి. అందుకే పందెపు తొడుగుకు ముందున దీపం కన్నం ఉండదు, నున్నగా మూసుకుని ఉంటుంది. తోక భాగమంతా ఒకే ముక్క. సీటు మీద మెత్తటి పరుపు బదులు పలచని స్పంజి అంటిస్తారు.

అన్నిటికంటె ముఖ్యమైన తేడా మాత్రం కింద, ఎవరూ చూడని చోట ఉంటుంది. చాలా రోడ్డు బండ్లకు ఇంజను కింద తొడుగు ఖాళీగానో, అరకొరగానో ఉంటుంది. పందెపు బండికి అక్కడ తొట్టెలాంటి భాగం తప్పనిసరి. పరుగులో ఇంజను పగిలిందనుకోండి. వేడి నూనె ఎక్కడ పడుతుంది? సరిగ్గా వెనక చక్రం ముందు! మొదట ఆ రౌతే జారిపోతాడు. ఆ తరువాత అసలు ప్రమాదం మొదలవుతుంది. వెనక మరో ఇరవై మంది అదే మలుపులోకి, అదే గీత మీద, ఏమీ తెలియకుండా వస్తున్నారు.

1973 మే 20న ఇటలీలోని మోంజా ట్రాకులో 250 సీసీ పందెం మొదటి చుట్టులోనే ఘోర ప్రమాదం జరిగింది. ఫిన్లండుకు చెందిన ప్రపంచ విజేత యార్నో సారినెన్, ఇటలీ రౌతు రెంజో పసోలిని అక్కడే మరణించారు. అంతకు ముందు జరిగిన 350 సీసీ పందెంలో ఒక బండి కార్చిన నూనె ట్రాకు మీద మిగిలిపోయిందని కొందరన్నారు. పసోలిని బండి ఇంజను పట్టేసిందని మరికొందరన్నారు. రెండు వాదనలూ ఇప్పటికీ వినబడతాయి. నూనె విషయంలో పందెగాళ్ళు ఎందుకంత పట్టుదలగా ఉంటారో అర్థమైంది గదా!

సమాఖ్య నిబంధన ప్రకారం, ఇంజనులోని నూనె, చల్లబరిచే ద్రవం మొత్తంలో కనీసం సగమైనా ఈ కింది తొట్టె పట్టాలి. బాబాయి బండిలో నూనె మూడున్నర లీటర్లు, నీరు రెండున్నర లీటర్లు అనుకుంటే మొత్తం ఆరు. తొట్టె మూడు లీటర్లయినా పట్టాలన్నమాట. దీనికి యంత్రమేమీ అక్కరలేదు. కొనేముందు తొట్టెను బండికి ఉండే వాలులోనే ఉంచి, కొలిచిన నీళ్ళు పోసి చూడండి. కారితే, పొర్లితే, ఎంత మెరిసినా దుకాణదారుకు తిరిగి ఇచ్చెయ్యమనండి. రేడియేటరులో పోసే రంగు ద్రవం మాటేమిటంటారా? అందులోని గ్లైకాల్ జిడ్డుగా ఉంటుంది, నీటిలా త్వరగా ఆరిపోదు. అందుకని పందేలలో మామూలు నీళ్ళే పోస్తారు.

గాజునారా? కర్బన నారా?

మట్టిగోడ కట్టేటప్పుడు బురదలో ఎండుగడ్డి కలిపి తొక్కడం మన పల్లెల్లో చూసే ఉంటారు. ఉత్త మట్టి ఆరితే బీటలు వారుతుంది. గడ్డి పోచలు ఆ బీటల్ని సాగనివ్వవు. పందెపు తొడుగు సూత్రమూ అదే. గడ్డి బదులు గాజు పోగుల గుడ్డ, మట్టి బదులు రెసిన్ అనే జిగురు. అచ్చులో గుడ్డ పరిచి రెసిన్ తడుపుతారు. అది గట్టిపడి పలకవుతుంది. గాజు బదులు కర్బన పోగులు వాడితే పలక మరింత తేలికగా, మరింత బిర్రుగా ఉంటుంది. ధర మాత్రం కొన్ని రెట్లు.

బాబాయి కర్బనం వైపే చూస్తాడు. ఆ నల్లని నేత అంత అందంగా ఉంటుంది మరి! ఇక్కడ మీరు చిన్న లెక్క చెప్పండి. బండి, రౌతు కలిసి 250 కిలోలు. కర్బన తొడుగు వల్ల 2 కిలోలు కలిసి వచ్చాయనుకున్నా, నూటికి ఒక వంతు కూడా లేదు. కొత్తగా నేర్చుకునేవాడు పడక తప్పదు. పడితే గాజునార పలకను ఇసుక కాగితంతో గీకి, లోపలినుంచి గుడ్డా రెసినూ వేసి మరునాటికి నిలబెట్టవచ్చు. కర్బన పలకను బాగుచెయ్యడం అంత చవక కాదు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవడం నయం. (గాజునార గీకే పని మాత్రం మీరు చెయ్యకండి. ఆ ధూళి ఒంటికి పడితే దురద, ఊపిరితిత్తులకు హాని. పెద్దవాళ్ళయినా ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి.)

రోడ్డు బండి ప్లాస్టిక్కు ఏం తక్కువ? అది వంగుతుంది, మంచిదే. కాని దాని చిన్న చిన్న కొక్కేలు ఒక్కసారి జారి పడితే విరిగిపోతాయి. పైగా కంపెనీ తొడుగు ఖరీదు వింటే గుండె ఝల్లుమంటుంది.

అమరిక

తేలిక, మెరుపు, ధర, ఈ మూడింటికంటె నేను అమరికకే ఎక్కువ మార్కులు వేస్తాను. రెసిన్ గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. తొందరపడి అచ్చునుంచి ముందే ఊడదీస్తే పలక మెలి తిరుగుతుంది. చవక తొడుగులు చాలావాటికి ఉండే రోగం ఇదే. మెలి తిరిగినదాన్ని బలవంతంగా లాగి మర బిగిస్తే ఏమవుతుంది? ఆ లాగుడంతా మర కన్నం చుట్టూ నిలిచి ఉంటుంది. దానికి ఇంజను వణుకు తోడై నాలుగు రోజుల్లో అక్కడ చీలిక మొదలవుతుంది. అందుకే రంగు వెయ్యకముందే అన్ని ముక్కలూ బండి మీద వదులుగా పెట్టి చూడాలి. కన్నాలు వాటంతటవే ఎదురెదురుగా రావాలి.

అలా పెట్టినప్పుడే మరికొన్ని చూడండి. హ్యాండిలు ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పితే బొటనవేలు తొడుగుకూ హ్యాండిలుకూ మధ్య నలగకూడదు. పొగగొట్టానికి తొట్టె తగలకూడదు. వేడికి రెసిన్ మాడిపోతుంది. కనీసం వేలు దూరేంత సందు ఉంచి, లోపల అల్యూమినియం రేకు అంటిస్తారు. బండిని నిలువునుంచి 50 డిగ్రీలు పక్కకు వాల్చినా ఏ భాగమూ నేలకు తగలకూడదని నిబంధన. అంటే పక్కకు సగానికి పైగా పడుకోబెట్టినట్టే!

ముక్కు దగ్గర గాలి పీల్చే నోరు ఉంటే దాని సంగతి మరీ జాగ్రత్త. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో దూసుకొచ్చే గాలి ఆ నోటిలో ఆగినప్పుడు పీడనం వాతావరణ పీడనం కంటె నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది. ఇంజనుకు అది ఉచితంగా దొరికే బలం. తొడుగుకూ లోపలి గొట్టానికీ నడుమ సందు ఉంటే అదంతా పక్కలనుంచి కారిపోతుంది. అలాగే రేడియేటరు వెనక వేడిగాలి బయటపడే దారులు మూసేసే తొడుగు ఎంత నున్నగా ఉన్నా పనికిరాదు. లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి గదా.

ముందున్న పారదర్శకపు తెర ఎత్తు మాత్రం ఎవరి ఒంటినిబట్టి వారిది. బాబాయి పొడగరి అయితే గడ్డం ట్యాంకుకు ఆనించి కూర్చోబెట్టి పక్కనుంచి చూడండి. హెల్మెట్టు తెర చాటున ఇమడకపోతే కాస్త ఎత్తైన తెర కావాలి.

రెక్కలు కూడా కావాలంటాడేమో! 2015, 2016లలో డుకాటి వంటి జట్లు మోటోజీపీ బండ్ల ముక్కుకు రెక్కలు పెట్టి, ముందు చక్రం లేవకుండా కిందికి నొక్కించాయి. విడిగా పొడుచుకువచ్చే ఆ రెక్కలు గుచ్చుకుంటాయన్న భయంతో 2017 సీజనునుంచి నిషేధించారు. తరువాత తొడుగులోనే కలిసిపోయిన రూపాల్లో అవి మళ్ళీ వచ్చాయి. కాని ఆ నొక్కుడు బలం కూడా వేగం వర్గంతోనే పెరుగుతుంది. 300 కిలోమీటర్ల వద్ద ఉండే బలం 100 వద్ద తొమ్మిదో వంతే. బాబాయి వేగానికి జిగురుతో అంటించే రెక్కలు ఉత్త అలంకారం.

ఇక బిగించడం. మామూలు మరలు విప్పాలంటే ఒక్కొక్కటీ చాలా చుట్లు తిప్పాలి. 1930లలో విలియం జూస్ అనే ఆయన విమానాల కోసం పావు చుట్టు తిప్పితే ఊడే మర కనిపెట్టాడు. పందెపు తొడుగులకు నేటికీ అదే వాడతారు. రెండు నిమిషాల్లో తొడుగంతా చేతికి వస్తుంది. రంగంటారా? బాబాయికి నచ్చింది వేసుకోనివ్వండి. పొరలు పలచగా ఉంటే చాలు.

పందేనికి ముందు తనిఖీ అధికారి మోకాళ్ళ మీద కూర్చుని తొట్టె అడుగున చూస్తాడు. అక్కడ 25 మిల్లీమీటర్ల కన్నాలు ఒకటో రెండో ఉంటాయి. ఎండలో వాటికి రబ్బరు బిరడాలు పెట్టి ఉండాలి. వాన పందెమని ప్రకటించినప్పుడే వాటిని తీస్తారు. లేకపోతే తొట్టెలో వాననీరు నిలిచి, దాని మీద నూనె తేలి, అంచులు దాటి పొర్లుతుంది.