వెడల్పు రిమ్ము వలన ప్రయోజనమెంత?

ఒకప్పుడు ఉదయపు షిఫ్టు సైరను మోగే వేళకు మన కర్మాగారపు గేటు ముందు సైకిళ్ళు బారులు తీరి ఉండేవి. దాదాపు అన్నీ ఒకే మూసలోనివి: ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు, ఉక్కు రిమ్ము. ఆ రిమ్ము వెడల్పెంతో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. బెండు తీయించవలసి వచ్చినపుడు తప్ప దానివైపు చూచినవారే లేరు. ఆ సైకిళ్ళ స్థానాన్ని స్కూటర్లు, కార్లు ఆక్రమించిన తరువాత సైకిలు మరో రూపంలో మన టౌన్‌షిప్పులోకి తిరిగి వచ్చింది. అదే లావుపాటి గళ్ళ టైర్లు గల మౌంటెన్ బైక్. దానితోపాటు రిమ్ము వెడల్పును గురించిన చర్చ కూడా వచ్చింది.

మా విభాగంలోని ఒక యువ సహోద్యోగి సెలవులలో మనాలి నుండి లేహ్ వరకు సైకిలుపై వెళ్ళ సంకల్పించాడు. పండుగ అడ్వాన్సు మొత్తం వెచ్చించి వెడల్పైన రిమ్ములతో కొత్త చక్రాలు కట్టించుకోవాలని అతని కోరిక. అతని ఇంటిలో అభిప్రాయం వేరుగా ఉన్నది. తీర్పు చెప్పవలసిందిగా ఇరుపక్షాలవారూ మమ్మల్ని అడిగారు. ఆ సందర్భంగా మేము పరిశీలించిన విషయాలను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొంత పూర్వకథ. మౌంటెన్ బైక్ పుట్టినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెరిన్ కౌంటీ కొండలలో. 1970 దశకంలో అక్కడి యువకులు కొందరు పాత ష్విన్ సైకిళ్ళను కొండపైకి చేర్చి మట్టిదారిలో కిందికి వదిలేవారు. 1976లో వారు ప్రారంభించిన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. దిగేసరికి వెనుక చక్రపు బ్రేకు హబ్బులోని గ్రీజు కాలి ఆవిరైపోయేదట. దానిని మళ్ళీ నింపితే గాని మరుసటి పరుగు సాగేది కాదు. ఆ సైకిళ్ళ టైర్లు లావైనవి, ఉక్కు రిమ్ములు వెడల్పైనవి, బరువైనవి. తరువాత రిమ్ములు అల్యూమినియంకు మారాయి. 1980 దశకంలో కీత్ బాంట్రేగర్ అనే రూపకర్త రోడ్డు సైకిళ్ళ సన్నని రిమ్ములను కోసి, ఇరవై ఆరు అంగుళాల చక్రానికి సరిపడేటట్లు చిన్నవి చేసి అమర్చాడు. చక్రాల బరువు గణనీయంగా తగ్గింది. పందెగాళ్ళందరూ ఆ బాట పట్టారు. కొండదారి సైకిలు పందెం తొలిసారిగా ఒలింపిక్సులో చేరిన 1996 నాటికి, లోపలి వెడల్పు 17 మి.మీ. మాత్రమే ఉన్న రిమ్ములు సర్వసాధారణమయ్యాయి.

ఆ పిదప గాలి తిరిగి వీచింది. డిస్క్ బ్రేకుల రాకతో రిమ్ముకు బ్రేకు దిమ్మలను భరించే పని తప్పింది. 1999లో ట్యూబులేని టైర్ల పద్ధతి మార్కెట్టులోకి వచ్చింది. 2005లో సర్లీ అనే అమెరికా సంస్థ మంచులోను, ఇసుకలోను నడిచే ‘పగ్స్‌లీ’ సైకిలును 65 మి.మీ. రిమ్ములతో విడుదల చేసింది. 2010 దశకంలో మామూలు కొండదారి సైకిళ్ళకు సైతం 35, 40, 45 మి.మీ. రిమ్ములు తొడిగి చూచారు. ఆ వెల్లువ తీసిన పిమ్మట తయారీదారులు అధికభాగం 30 మి.మీ. సమీపంలో స్థిరపడ్డారు. కారణమేమై ఉంటుందో లెక్క వేసి చూద్దాం.

ఇక్కడ వెడల్పు అంటే రిమ్ము లోపలి గోడల మధ్య దూరం. దాని మధ్యనే టైరు అంచులు రెండూ కూర్చుంటాయి. టైరు గుడ్డ పొడవు మారదు గనుక, రిమ్ము వెడల్పైన కొద్దీ గాలి నిండిన టైరు కొద్దిగా విప్పారుతుంది. 25 మి.మీ. రిమ్ముపై 60 మి.మీ. లావుండే టైరును తీసుకొని, దాని అడ్డుకోతను వృత్తంగా భావించి మేము లెక్క కట్టాము. 30 మి.మీ. రిమ్ముపై అది సుమారు 61.8 మి.మీ., 35పై సుమారు 63.6 మి.మీ. అవుతుంది. ఎత్తు పెరిగేది ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ఇంత స్వల్పమైన మార్పుకా ఇంత హడావుడి అని సహోద్యోగి తల్లిగారు అన్నారు. ఆ మాటలో సగం నిజమున్నది.

మిగిలిన సగం గాలిలో ఉన్నది. వెనుక చక్రంపై 50 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. చదరపు అంగుళానికి 35 పౌండ్ల గాలి ఉన్న టైరు నేలను సుమారు 20 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుంది. అదే గాలి 22 పౌండ్లకు తగ్గితే తాకే మేర 32 చ.సెం.మీ. దాటుతుంది. గులకరాళ్ళపై పట్టు, శరీరానికి కలిగే సుఖం రెండూ అక్కడినుండే వస్తాయి. అయితే సన్నని రిమ్ముపై గాలి తగ్గిస్తే టైరు బల్బు ఆకారంలో నిలిచి, మలుపులో పక్కకు ఒరుగుతుంది. ట్యూబు లేని టైరయితే అంచు క్షణకాలం వదలి గాలిని బుస్సుమని పోగొట్టుకుంటుంది. వెడల్పు రిమ్ముపై టైరు గోడలు నిటారుగా నిలుస్తాయి. ఫలితంగా తక్కువ గాలితోను స్థిరత్వం లభిస్తుంది. వెడల్పు రిమ్ము ఇచ్చే వరమంతా ఇదే: గాలి తగ్గించుకునే అవకాశం.

దీనిని గమనించనివారు కొత్త రిమ్ములు కొని, పాత అలవాటు చొప్పున 35 పౌండ్లే నింపుతారు. అపుడు సుఖానికి బదులు కుదుపే పెరుగుతుంది. టైరు గుడ్డలోని బిగువు గాలి పీడనం, వ్యాసార్ధాల లబ్ధం. బాయిలరు డ్రమ్ము గోడను లెక్కగట్టే మన మిత్రులకు ఈ సూత్రం సుపరిచితమే. వ్యాసార్ధం 3 శాతం పెరిగితే, గాలి అంతే ఉన్నపుడు బిగువు కూడా 3 శాతం పెరుగుతుంది.

మరీ వెడల్పైతే వేరొక చిక్కు. టైరు పైభాగం చదునై, మలుపులో కరవవలసిన పక్క గళ్ళు అవసరానికి ముందే నేలను తాకుతాయి. సైకిలు ఒరుగుతూ ఒరుగుతూ హఠాత్తుగా జారుతుంది. గోడలు బయటికి వచ్చి రాళ్ళకు చిక్కుతాయి. గాలి తక్కువగా ఉండటం వలన రిమ్ము అంచు రాతిని ఢీకొని సొట్టపడే ప్రమాదమూ అధికమే.

బరువును గురించిన భయం మాత్రం అతిశయోక్తి అని మా అభిప్రాయం. అల్యూమినియం రిమ్మును 5 మి.మీ. వెడల్పు చేస్తే పెరిగే లోహం, మా అంచనాలో, చక్రానికి 60 గ్రాములు, రెండింటికీ 120 గ్రాములు. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలైతే ఇది వెయ్యింట ఒకటిన్నర పాలు కూడా కాదు. గంటసేపు పట్టే ఎక్కుడులో అయిదు సెకన్ల ఆలస్యం. చక్రపు అంచునున్న బరువు వేగం పుంజుకునేటపుడు రెట్టింపుగా పనిచేస్తుందన్నది నిజమే గాని, ఆ లెక్కన కూడా పందెగాడికి తప్ప ఇతరులకు పట్టించుకోదగినది కాదు.

ఇక సహోద్యోగి సైకిలు. వెర్నియర్ కాలిపరుతో కొలువగా రిమ్ము లోపలి వెడల్పు 19 మి.మీ. తేలింది. టైరుపై 54-559 అని ఉన్నది. అందులో మొదటి అంకె టైరు లావు, రెండవది రిమ్ముపై టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. అతడు గాలిని ఎల్లప్పుడూ 45 పౌండ్లు నింపేవాడు. డబ్బు ఖర్చు చేసే ముందు గాలి తగ్గించి చూడుమన్నాము. 35 వద్ద హాయిగా ఉన్నదన్నాడు. 28 వద్ద క్వార్టర్ల వెనుక ఎర్రమట్టి గుట్ట మలుపులో వెనుక చక్రం ఊగిందన్నాడు. మరునాడు ఒక రాయి తగిలి ట్యూబుకు పాము కాటు వంటి జంట రంధ్రాలు పడ్డాయి. ఆ రిమ్ముకు, ఆ ట్యూబుకు హద్దు ఎక్కడో అతనికే తెలిసిపోయింది.

వారాంతాలలో రాళ్ళ దారులు తొక్కేవారికి, 60 మి.మీ. ఆపై టైర్లు వేసేవారికి, ట్యూబు లేని పద్ధతికి మారదలచినవారికి 30 మి.మీ. రిమ్ము ఖర్చుకు తగినదే. రిమ్ము వెడల్పు టైరు లావులో సుమారు సగం ఉంటే జోడీ కుదిరినట్లు. 35 దాటవలసిన అవసరం ఇసుక, మంచు లేనిచోట మాకు కనిపించలేదు. బడికి, బజారుకు వెళ్ళే పిల్లల సైకిలుకు ఈ చర్చ వర్తించదు. ఆ డబ్బుతో మంచి బ్రేకు దిమ్మలు, ఒక హెల్మెట్ కొనవచ్చు.

మనాలి – లేహ్ మార్గం ప్రధానంగా రోడ్డు. తంగ్లంగ్ లా కనుమ 5,328 మీటర్ల ఎత్తున ఉన్నది. నడుమ కంకర, దారికి అడ్డంగా పారే వాగులు తగులుతాయి గాని, అక్కడ మనిషిని అలసట పెట్టేది ఎత్తు, చలి, సామాను బరువు. కనుక పాత రిమ్ములే చాలునని చెప్పాము. సహోద్యోగి ముఖం కొంత చిన్నబోయింది. చివరకు గట్టి గోడలున్న రెండు కొత్త టైర్లు, నాలుగు ట్యూబులు, చలికోటు కొని, మిగిలిన అడ్వాన్సు తల్లిగారి చేతిలో పెట్టాడు. ముందు చక్రానికి 36, సామాను మోసే వెనుక చక్రానికి 40 పౌండ్ల గాలితో బయలుదేరాడు. తిరిగి వచ్చాక చూస్తే పంక్చర్లు రెండు, వెనుక చక్రంలో విరిగిన స్పోకులు మూడు. రిమ్ములకు బెండు తీయించి మళ్ళీ అవే వాడుతున్నాడు.