వాచీ చెప్పేది గుండె వేగమే.. ఏడీహెచ్‌డీ కాదు!

ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నా. స్మార్ట్‌వాచీలో గుండె వేగం 118. నోట్స్‌లో ఒకే పేజీ నాలుగోసారి చదువుతున్నా, ఒక్క ముక్కా బుర్రకెక్కట్లేదు. ‘నీకు ఏడీహెచ్‌డీ ఉందేమోరా, ఇది వేసుకో.. ఫోకస్ వచ్చేస్తుంది’ అంటూ ఫ్రెండ్ ఓ మాత్ర చేతిలో పెట్టాడు. వేసుకోలేదు. అనుమానం మాత్రం పట్టుకుంది.

ఏడాది తర్వాత సైకియాట్రిస్ట్ తేల్చారు.. నాకు ఏడీహెచ్‌డీ ఉంది. కానీ ఆయన చూసింది వాచీని కాదు. అమ్మను కూర్చోబెట్టి నా స్కూలు రోజుల గురించి అడిగారు.

బ్రేక్, యాక్సిలరేటర్

నరాల ప్రమేయం లేకపోతే గుండె తనంతట తాను నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో వేగస్ నాడి బ్రేకులా దాన్ని తగ్గిస్తుంది. సింపథెటిక్ నాడులు యాక్సిలరేటర్. ఇంటర్వ్యూ టెన్షన్‌లో బ్రేక్ వదులై, యాక్సిలరేటర్ పడుతుంది. అది జబ్బు కాదు.

మరి ఏడీహెచ్‌డీతో లింకేంటి? యాక్సిలరేటర్ నడిపే రసాయనం నార్‌అడ్రినలిన్. మెదడులో డోపమైన్‌తో కలిసి ఏకాగ్రతకు తోడ్పడేదీ అదే. అందుకే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు ఏకాగ్రతతో పాటు గుండె వేగాన్నీ, బీపీనీ కాస్త పెంచుతాయి. డాక్టర్లు ముందుగా గుండె జబ్బుల గురించి అడిగి, పల్స్, బీపీ చూసేది ఇందుకే. ఫ్రెండ్ ఇచ్చే మాత్రకు ఆ చెకప్ ఉండదు.

హెచ్‌ఆర్‌వీ చూసి కంగారొద్దు

గుండె చప్పుళ్ల మధ్య విరామాల్లో వచ్చే హెచ్చుతగ్గులే హెచ్‌ఆర్‌వీ. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో ఇది తక్కువని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని మరికొన్ని చెప్పాయి. నిద్ర తగ్గినా, జ్వరం వచ్చినా ఈ అంకె మారుతుంది. దీంతో ఏడీహెచ్‌డీని తేల్చలేం.

ఎలా తేలుస్తారు?

* లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి.
* కనీసం ఆరు నెలలుగా, ఇంట్లో, కాలేజీలో.. ఇలా రెండు చోట్లయినా ఉండాలి.
* చదువుకో, పనికో నిజంగా అడ్డుపడుతూ ఉండాలి.

ఇవి మీకు సరిపోతున్నాయనిపిస్తే సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఉత్త టెన్షనే అయితే? ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే పీల్చినదానికంటే ఎక్కువసేపు, మెల్లగా వదలండి. నేను తర్వాతి ఇంటర్వ్యూకు ముందు అదే చేశా. వాచీని మాత్రం బ్యాగులో పడేశా!