అంకెల వెనుక విద్యార్థి: దత్తాంశాన్ని అధ్యాపకులు కలిసి చదవవలసిన ఆవశ్యకత

వ్యాససంగ్రహం:
విద్యార్థులకు సంబంధించిన దత్తాంశం నేడు విద్యాసంస్థల్లో విస్తారంగా లభిస్తోంది. అది విద్యార్థి చదువుకు ఉపకరించాలంటే, పాఠం చెప్పే అధ్యాపకులు దాన్ని కలిసి చదివి, కలిసి నిర్ణయం తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో జరిగిన ప్రయోగం, 2019 నాటి తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు, షికాగో ఉన్నత పాఠశాలల అనుభవం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: దత్తాంశం, అధ్యాపకులు, హాజరు, అమీర్‌పేట, పంజాగుట్ట, గోప్యత.

1. ఉపోద్ఘాతం:
అమీర్‌పేటలోని మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు పేరుపొందాయి. జిల్లాల నుంచి వచ్చిన యువత ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట ప్రాంతాల హాస్టళ్లలో ఉంటూ ఇక్కడ కోర్సులు నేర్చుకుంటారు. వీరిలో డిగ్రీ చదువుతున్నవారూ ఉంటారు. అటువంటి విద్యార్థి చదువు రెండు మూడు చోట్ల చీలి ఉంటుంది. ఇంటర్మీడియట్ మార్కులు ప్రవేశాల పోర్టల్ 'దోస్త్'లో, హాజరు కళాశాల రిజిస్టరులో, సెమిస్టర్ ఫలితాలు విశ్వవిద్యాలయంలో, నేర్చుకున్న నైపుణ్యం శిక్షణ కేంద్రంలో నమోదవుతాయి. ఎవరికి తెలిసినంత మేరకు వారు విద్యార్థిని అంచనా వేస్తారు. ఇది అంధగజన్యాయమే.

2. దత్తాంశం పయనించే దిశ:
కళాశాలల్లో దత్తాంశ సేకరణ కొత్త కాదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వేకు ఏటా వివరాలు పంపుతారు. న్యాక్ గుర్తింపు కోసం ఉత్తీర్ణత శాతాలు, మెంటర్–మెంటీ పట్టికలు సిద్ధం చేస్తారు. అయితే ఈ సమాచారం తరగతి గది నుంచి కార్యాలయానికి, అక్కడి నుంచి పై సంస్థలకు వెళ్తుంది. తిరిగి తరగతి గదికి వచ్చే మార్గం బలహీనంగా ఉంటుంది. ఫైలు నిండుతుంది కానీ, వచ్చే సోమవారం ఎవరితో మాట్లాడాలో అధ్యాపకునికి తెలియదు.

3. నివేదిక ఒక్కటే చాలదు:
సమాచారాన్ని ఉపాధ్యాయునికి తిరిగి అందిస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు తెలుగునేలపైనే సమాధానం దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడ్డారో తెలిపే నివేదికలను ఉపాధ్యాయులకు అందించారు. తరగతులను అడపాదడపా పరిశీలించారు. 2010లో 'ఎకనామిక్ జర్నల్'లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరిశీలకులు ఉన్నప్పుడు ఉపాధ్యాయులు ఎక్కువ శ్రమించారు. కానీ పిల్లల మార్కులు ఇతర పాఠశాలల పిల్లల మార్కుల కంటే పెరగలేదు.

ఈ అధ్యయనం ఉపాధ్యాయుల సమష్టి పఠనాన్ని పరీక్షించలేదు. నివేదిక అందడానికీ బోధన మారడానికీ మధ్య మరొక మెట్టు ఉందని మాత్రం అది స్పష్టం చేసింది.

4. ఒక సున్నా చెప్పిన పాఠం:
అధ్యాపకుని దృష్టికి రాకుండా అంకె ముందుకు సాగితే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు చూపాయి. తెలుగులో సున్నా వచ్చినట్లు ప్రకటించిన ఒక విద్యార్థినికి వాస్తవంగా 99 మార్కులు వచ్చాయని పునఃపరిశీలనలో తేలింది. ఓఎంఆర్ పత్రంపై వృత్తాలు దిద్దడంలో జరిగిన పొరపాటు ఫలితాల జాబితా దాకా ఎవరి కంటా పడలేదు. ఆ రోజుల్లో పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం రాష్ట్రాన్ని కలచివేసింది. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించి, ఉత్తీర్ణులు కానివారి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలింపజేసింది. ఆ విద్యార్థినికి తెలుగు బోధించినవారు ఆ సున్నాను చూసిన మరుక్షణమే నమ్మశక్యం కాదని చెప్పగలిగేవారు. యంత్రానికి ఆ అంకె అంకె మాత్రమే. అధ్యాపకునికి దాని వెనుక ఒక ముఖం కనిపిస్తుంది.

5. షికాగో అనుభవం:
ఎలేన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో షికాగో తొమ్మిదో తరగతి విద్యార్థుల విషయంలో ఒక సరళమైన సూచికను పరిశీలించారు. ఆ ఏడాది అవసరమైన క్రెడిట్లు సాధించి, ముఖ్య సబ్జెక్టుల్లో ఒకటికి మించి సెమిస్టర్ తప్పనివారు సరైన దారిలో ఉన్నట్లు లెక్క. అటువంటివారు నాలుగేళ్లలో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసే అవకాశం ఇతరుల కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. తరువాత ఉపాధ్యాయ బృందాలు క్రమం తప్పక సమావేశమై, జాబితాలోని పేర్లను చర్చించి, ఎవరికి ఏ సాయం కావాలో నిర్ణయించసాగాయి. సరైన దారిలో ఉన్నవారి శాతం 2007లో 57 కాగా, 2013 నాటికి 82కు చేరింది. ఈ మార్పుకు కారణాలు అనేకం కావచ్చు. అయినా సూచిక చిన్నది కావడం, దాన్ని చదివేవారు ఒకే విద్యార్థికి బోధించేవారు కావడం గమనార్హం.

6. అమీర్‌పేటకు అన్వయం:
మూడో సెమిస్టర్ చదివే ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. ఉదయం మొదటి పీరియడుకు ఆమె రాదు. ఆ అధ్యాపకుని దృష్టిలో ఆమెకు శ్రద్ధ లేదు. మధ్యాహ్నం కంప్యూటర్ ప్రయోగశాలలో అందరికంటే ముందుంటుంది. గణాంకశాస్త్రం మాత్రం తప్పింది. ముగ్గురు అధ్యాపకులు నెలకు ఒకసారి అరగంట కూర్చుంటే, ఆమె ఉదయం బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటోందన్న సంగతి బయటపడుతుంది. అప్పుడు అవసరమయ్యేది హెచ్చరిక పత్రం కాదు. సాయంత్రం బ్యాచ్‌కు మారమన్న సలహా, గణాంకశాస్త్రంలో రెండు వారాల తోడ్పాటు.

ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. హాజరు, అంతర్గత మార్కులు, మిగిలిపోయిన సబ్జెక్టులు అనే మూడు వరుసల పట్టిక చాలు. ప్రతి పేరుకూ ఒక బాధ్యుడు, ఒక గడువు నిర్ణయించి, తదుపరి సమావేశాన్ని వాటి సమీక్షతో ప్రారంభించాలి.

7. గోప్యత, నమ్మకం:
2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణిస్తుంది. వారి దత్తాంశ వినియోగానికి సాధారణంగా తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఈ పరిధిలోకి వస్తారు. చట్టానికి తోడు మర్యాద కూడా ముఖ్యమే. వెనుకబడినవారి జాబితాను నోటీసు బోర్డుకెక్కిస్తే విద్యార్థి దాక్కుంటాడు. ఆ జాబితాతోనే అధ్యాపకుని పనితీరును కొలిస్తే, మరుసటి నెల నుంచి అంకెలు మాత్రమే చక్కబడతాయి.

8. ముగింపు:
• దత్తాంశం తరగతి గదికి తిరిగి రానంతవరకు అది పాలనాపరమైన లెక్కగానే మిగులుతుంది.
• నివేదికను అందజేయడం బోధనను దానంతటదే మార్చదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రయోగం నిరూపించింది.
• అంకెలోని అసంగతాన్ని తొలుత పసిగట్టగలిగేది విద్యార్థిని ఎరిగిన అధ్యాపకుడే.
• ఉమ్మడి సమావేశానికి టైంటేబుల్‌లో ఒక పీరియడు కేటాయించడం కళాశాలలు వెంటనే చేయగలిగిన పని. ఆ పీరియడు లేనప్పుడు మెంటర్–మెంటీ పట్టిక సంతకాల పత్రంగానే ఉండిపోతుంది.