పాత యపవాదము, క్రొత్త తీర్పు

ఇంట వస్తువు పోయినచో, వెనుక నొకసారి యనుమానింపబడిన పనికత్తెపైననే మన దృష్టి వ్రాలును. న్యాయస్థానమందును నిట్లే జరిగినది.

1898లో న్యూయార్కు నగరమున కేథరిన్ ఆడమ్స్ అను నామె తలనొప్పి మందు త్రాగి, యందలి విషముచే మరణించెను. రోలండ్ మోలినోపై హత్యానేరము మోపి, అంతకుముందు మరియొకని నితడే చంపెనన్న యపవాదమును గూడ జూరీకి వినిపించిరి. ఆ హత్యకై యభియోగమే లేదు! పత్రికల నిండ నా కథయే. 1900లో దోషి యనిరి. 1901లో పై న్యాయస్థానము తీర్పును కొట్టివేసెను. మరుసటి యేడు పునర్విచారణలో నతడు నిర్దోషి యని విడువబడెను.

ఆ సూత్రమునుబట్టియే 2024లో నదే న్యాయస్థానము సినిమా నిర్మాత హార్వే వైన్‌స్టీను శిక్షను రద్దుచేసెను. నలువురు న్యాయమూర్తు లౌననిరి, ముగ్గురు కాదనిరి. 2020 విచారణలో ముగ్గురు స్త్రీలు, అభియోగములో లేని తమ బాధలను సాక్ష్యముగ చెప్పియుండిరి. వారి మాట వినరాదనుట నాకు కష్టముగనే యున్నది. కాని మోలినో కథ తలచిన నోరాడకున్నది. 2025 పునర్విచారణలో, ఆ సాక్ష్యములు లేకయే, యొక యభియోగమున జూరీవారు వైన్‌స్టీనును మరల దోషిగ నిర్ణయించిరి.