ఓడినవారు చెప్పిన పాఠం

యుద్ధమనగానే మన మనస్సున మెదిలేది రణరంగమే. కాని జయాపజయాలు చాలావరకు అంతకుముందే, ఎక్కడో ఒక శిక్షణ శిబిరంలో నిశ్చయమవుతాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, నేటి మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో వెలసిన శిబిరం ఇందుకు నిదర్శనం.

1939లో సుమారు 2 లక్షలున్న భారతసైన్యం 1945 నాటికి సుమారు 25 లక్షలైనది. నిర్బంధం లేకుండానే ఇంతమంది చేరినారు. అయితే వారినందరినీ వీరోత్సాహమే నడిపించినదనుకోవడం పొరపాటు. ఆకలీ, నిరుద్యోగమూ తరిమిన పల్లెటూరి యువకులు వారిలో అనేకులు. పూర్వం దక్షిణాదివారికి అంతగా చోటివ్వని సేనలో మద్రాసు రాజధాని నుండి తెలుగువారూ, తమిళులూ పెద్దసంఖ్యలో చేరినారు.

ఇంతమందికి తగిన శిక్షణ ఇచ్చే వ్యవధి లేకపోయినది. అరకొర చదువుతో పరీక్షకు కూర్చున్న విద్యార్థులవలె కొత్త సిపాయిలు బర్మా సరిహద్దుకు వెళ్ళినారు. 1942 డిసెంబరులో అరకానుపై దండెత్తిన 14వ భారత డివిజను 1943 మే నాటికి ఓడి వెనుదిరిగినది.

ఆ జూనులో ఢిల్లీలో సమావేశమైన పదాతిదళ సంఘం లోపాన్ని గుర్తించినది. ప్రాథమిక శిక్షణ ముగిసిన సిపాయి మరి రెండు మాసాలు అడవియుద్ధం నేర్వవలెనన్నది. ఆ బోధన ఎవరికి అప్పగించినారు? ఓడివచ్చిన 14వ డివిజనుకే! అది ఛింద్వాడాలో శిక్షణ డివిజనుగా మారినది.

అక్కడి దినచర్యలో వీరగాథలు లేవు. కందకాలు త్రవ్వడం, తుపాకి తుడుచుకోవడం, గస్తీ తిరగడం, చీకటిలో చప్పుడు కాకుండా నడవడం, శుద్ధిచేసిన నీటినే త్రాగడం - ఇవే పాఠాలు. ప్రొద్దు గ్రుంకగానే మడచిన చొక్కాచేతులు దించుకోవలెను. దోమతెర మరువరాదు. మలేరియా రాకుండా చేదైన మెపాక్రిన్ మాత్ర మ్రింగవలెను. అది ఒంటిని పసుపుపచ్చగా మార్చేది. ఈ నియమాలు చిన్నవని తోచవచ్చును. కాని 1943లో బర్మా సరిహద్దున గాయపడి వెనుకకు వచ్చిన ఒక్కొక్కరికి, రోగంతో వచ్చినవారు 120 మంది అని సేనాధిపతి స్లిమ్ తన గ్రంథంలో వ్రాసినాడు. దోమ శత్రువును మించినదన్నమాట.

మాటలలోను కొత్త చదువే. వేర్వేరు ప్రాంతాలవారిని కలిపినది రోమను లిపిలో వ్రాసే ఉర్దూ. ఎన్నడూ బడి గడప త్రొక్కని యువకులు సైన్యంలోనే అక్షరాలు దిద్దినారు.

వారి అడవియుద్ధ శిక్షణగ్రంథానికి పేరు 'జంగిల్ బుక్'. కిప్లింగు కథలకు రంగస్థలమైన సివనీ అడవులు ఛింద్వాడాకు పొరుగునే ఉన్నవి. కథలోని మౌగ్లీవలె ఈ యువకులూ అడవిని చూచి భయపడడం మాని, అందులో బ్రతకడం నేర్చినారు.

1944లో ఇంఫాల్, కోహిమాల వద్ద జపాను సేన ఓడిపోయినది. ఆ విజయానికి కారణాలనేకం. ఈ శిక్షణ వాటిలో ఒకటి. శిక్షణ పొందినవారందరూ ఇల్లు చేరలేదు. కాని తెలియనితనంవల్ల చావవలసినవారు కొందరైనా బ్రతికినారు.

ఓటమిని దాచుకొన్నవాడికి అది అవమానంగానే మిగులుతుంది. దానిని విప్పి చెప్పినవాడికి అది పాఠమవుతుంది. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ కూడా ఛింద్వాడా నుండి గ్రహించదగినది ఇదే.