ఎండాకాలంలో క్రీము ఎందుకు త్వరగా పాడవుతుంది?



యానివర్సరీ అయిపోగానే లిప్‌స్టిక్, ఫౌండేషన్, కాటుక వంటివి ఒక డబ్బాలో సర్ది, వచ్చే ఏడాదికి పనికొస్తాయని బీరువా మీద పెట్టడం చాలా ఇళ్లలో మామూలే. మధ్యలో ఒక కల్వకుర్తి ఎండాకాలం గడిచిపోతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో వేడి ఇంకా ఎక్కువ. అప్పుడు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో చెప్పేదే రసాయన గతిశాస్త్రం. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు చదివే పాఠమే ఇది.

పాడవడం కూడా ఒక రసాయన చర్యే

క్రీములోని నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాత నూనె కంపు కొడతాయి. విటమిన్ సి ఉన్న సీరమ్ పసుపుగా, తర్వాత గోధుమ రంగులోకి మారుతుంది. ఇలాంటి చర్యలు ఎంత వేగంగా జరుగుతాయో కొలవడమే గతిశాస్త్రం పని. ఉదాహరణకు, ఒక పదార్థం నెలకు 10 శాతం చొప్పున తగ్గుతోందనుకుందాం. 100 పాళ్లు మొదటి నెలకు 90, రెండో నెలకు 81 అవుతాయి. ప్రతి నెలా మిగిలినదాంట్లో అదే శాతం పోతుంది. దీన్నే ప్రథమ క్రమాంక చర్య అంటారు.

రెండేళ్ల గడువు ఎలా తెలుస్తుంది?

కంపెనీ రెండేళ్లు ఆగి చూసి సరుకు అమ్మలేదు కదా! అందుకే నమూనాలను ఎక్కువ వేడిలో ఉంచి, అవి ఎంత వేగంగా మారుతున్నాయో కొలుస్తారు. వేడికీ చర్యా వేగానికీ ఉన్న సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1889లో సమీకరణంగా చెప్పారు. రెండు మూడు ఉష్ణోగ్రతల దగ్గర వేగం తెలిస్తే, దాని సాయంతో మామూలు గదిలో ఎంత వేగం ఉంటుందో లెక్కగట్టవచ్చు.

ఇంట్లో వాడుకోవడానికి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. 25 నుంచి 45 డిగ్రీలకు వెళితే నాలుగు రెట్లు. అంటే 45 డిగ్రీల్లో 3 నెలలు ఉంచడం, 25 డిగ్రీల్లో 12 నెలలు ఉంచినట్టే.

ఈ లెక్కకు హద్దులున్నాయి. మైనం కరగడం, క్రీములో నీరూ నూనే విడిపోవడం, సూక్ష్మజీవులు పెరగడం ఈ సమీకరణానికి అందవు. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టి మళ్లీ కరిగితే అది పాడైనట్టు కాదు, అది భౌతిక మార్పు మాత్రమే. అందుకే కంపెనీలు కొన్ని నమూనాలను మామూలు వేడిలో కూడా ఉంచి, నిజమైన కాలంతో సరిచూసుకుంటాయి.

మీరు చేయవలసినవి

• కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. అది సరిగ్గా నిల్వ చేసిన సరుకుకే వర్తిస్తుంది.
• మూత తెరిచిన డబ్బా బొమ్మలో ‘12 ఎం’ అని ఉంటే, తెరిచాక 12 నెలలు వాడవచ్చని అర్థం. తెరిచిన తేదీని డబ్బా మీద రాసి పెట్టండి.
• సన్‌స్క్రీన్‌ను కారులో, బండి డిక్కీలో వదలకండి. అందులోని పదార్థాలు దెబ్బతింటే, రాసుకున్నామన్న ధైర్యమే తప్ప రక్షణ ఉండదు.
• వాసన, రంగు మారినా, నీరు విడిపోయినా పారేయండి. పిల్లల చర్మం సున్నితం. దద్దుర్లు వచ్చాక అయ్యే ఖర్చు కంటే కొత్త డబ్బా చవక.
• కాటుక, లిప్‌స్టిక్ ఒకరివి ఒకరు వాడుకోనివ్వకండి.

ఈ ఆదివారం పిల్లలతో

నీళ్లలో వేస్తే పొంగే మాత్రలు రెండు తీసుకోండి. ఒకటి చల్లని నీళ్లలో, ఒకటి వేడి నీళ్లలో వేయండి. వేడి నీళ్లు మాత్రం మీరే పోయండి. ఏది ఎన్ని సెకన్లలో కరిగిపోయిందో పిల్లలను రాయమనండి. ఆ తర్వాత పాత మేకప్ డబ్బాను వాళ్ల చేతికే ఇచ్చి, ఏది ఉంచాలో, ఏది పారేయాలో కారణంతో సహా చెప్పమనండి.